వోల్టేజి మొక్కు

మా నాయన అనంతపురం నుంచి ఒకే సంచిలో రెండు డబ్బాలు తెచ్చిన రోజు మొదలు మా ఇంట్లో శాంతి లేకుండా పోయింది. ఒక డబ్బాలో బోరు మోటరుకు బిగించే ఆటోమేటిక్ స్టార్టరు ఉంది. రెండో డబ్బాలో టీవీకి తగిలించుకుని ఆడే వీడియోగేము ఉంది. మొదటిది ఆయన కావాలని పోయి తెచ్చుకున్నాడు. రెండోది పక్క అంగడివాడు అంటగట్టాడు. ఆ ఏడు చెనిక్కాయ, అంటే వేరుశనగ, బాగా పండింది, ధర కూడా పలికింది, మా నాయన మనసు మెత్తగా ఉంది. అలాంటి మనిషి అంగడి మెట్లెక్కితే ఏం జరగాలో అదే జరిగింది.

మాది కుందుర్పి దగ్గర పల్లె. అదెక్కడుందని అడిగేవాళ్లకు నేను చెప్పే గుర్తు ఒకటే. కర్ణాటక నుంచి మేఘాలు బయల్దేరి, మా ఊరిదాకా వచ్చి, మమ్మల్ని చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగిపోతాయి. ఆ తిరిగే చోటే మా ఊరు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న జేజి, మా అన్న, నేను. అప్పటికి అన్న ఎనిమిదో తరగతి, నేను ఆరు.

గేము అట్టపెట్టె మీద వేల ఆటలు ఉన్నాయని రాసి ఉంది. తీరా పెట్టి చూస్తే ఉన్నవి నాలుగే. ఆ నాలుగే పేర్లు మార్చుకుని, వరసలు మార్చుకుని, ఓటర్ల జాబితాలో దొంగ ఓట్ల మాదిరి మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒకటి బాతుల్ని కాల్చేది. దానికొక ప్లాస్టిక్ తుపాకీ ఇచ్చారు కానీ మా టీవీ బాతులకు ఆ తుపాకీ అంటే లెక్కే లేదు. ఇంకొకటి యుద్ధ ట్యాంకులది, ఇంకొకటి కారుది. నాలుగోది మీసాలాయనది. టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి ఒకడు గుంతలు దూకుతూ, తాబేళ్లను తొక్కుతూ, కోటల వెంట పోతూ ఉంటాడు. ఎవరో ఎత్తుకుపోయిన రాజుగారి కూతుర్ని విడిపించాలి. కోట తర్వాత కోట, మొత్తం ఎనిమిది కోటలు. ఒక్కో కోట చివర ప్రాణాలకు తెగించి వంతెన దాటితే, ఆ పిల్ల ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందని తెలుస్తుంది.

మా జేజి మొదటిసారి అది చూసి ముక్కున వేలేసుకుంది.

"మండలాఫీసు మాదిరి ఉండాదే ఇది. ఈడ లేదు, ఆడికి పో అంటారు. ఆడికి పోతే రేపు రా అంటారు."

అయినా ఆ రోజు నుంచి ఆమె మాతోపాటే కూర్చుంది. ఆ మనిషిని మీసాలాయప్ప అని పిలిచేది. ఎత్తుకుపోయింది ఆయన పెండ్లాన్నా, కూతుర్నా అని మమ్మల్ని అడిగింది. మాకూ తెలియదు. "ఎవురైతే ఏమిలే, ఎత్తుకపోయినారు, తెచ్చుకోవల్ల" అని తనే తీర్పు చెప్పేసింది.

ఇక్కడ మా ఊరి కరెంటు సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే నా ఏడుపు ఎవరికీ అర్థం కాదు. ఇళ్లకు వచ్చే కరెంటు ఒకటి. బోరు మోటర్లకు వచ్చే త్రీఫేజు ఇంకొకటి. రెండూ ఊరి బయట ఉన్న ఒకే ట్రాన్స్‌ఫార్మరు నుంచి రావాలి. త్రీఫేజు ఒక వారం పగలు ఇస్తారు, ఒక వారం రాత్రి ఇస్తారు. ఏ నిమిషంలో ఇస్తారో ఇచ్చేవాడికి కూడా తెలియదు. అంతకుముందు కరెంటు రాగానే రైతులు ఒకరి వెనక ఒకరు చేన్లకు పరుగెత్తి మోటర్లు వేసేవాళ్లు. ఆటోమేటిక్ స్టార్టర్లు వచ్చాక ఆ పరుగు తప్పింది. కరెంటు రావడమే ఆలస్యం, ఊరి మోటర్లన్నీ ఒక్కసారిగా వాటంతటవే లేచేవి. వీటికి దయాదాక్షిణ్యాలు లేవు.

అవి లేచిన క్షణాన మా ఇంట్లో బల్బు ఆరబోయే బీడీ ముక్కలా ఎర్రగా అయ్యేది. టీవీ పక్కనున్న స్టెబిలైజరు టక్ టక్ మని కొట్టుకునేది. దాని ముల్లు పచ్చగీత నుంచి ఎర్రగీతకు పడిపోయేది. టీవీలో బొమ్మకు ముందు రంగు పోయేది, తర్వాత నాలుగువైపులా కుంచించుకుపోయేది, చివరకు మీసాలాయన దూకినవాడు దూకినట్టే గుంత మీద గాల్లో ఆగిపోయేవాడు. గీ మని ఒకటే మోత. అంతే. మళ్లీ మొదటి నుంచి ఆడాలి. ఆటను ఎక్కడిదక్కడ దాచుకునే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు.

"పాపం, ఆయప్పను కిందికి దింపండప్పా" అనేది జేజి.

నాకు కావలసింది ఒక్కటే, ఎనిమిదో కోట దాటి ఆ పిల్లను చూడాలి. మా నాయనకు కావలసింది ఒక్కటే, బోరు కింద వేసిన మూడెకరాల చెనిక్కాయకు తడి అందాలి. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే ట్రాన్స్‌ఫార్మరు. ఒకసారి ఐదో కోట వంతెన మీద ఉండగా మోటర్లు లేచాయి. నేను ఏడ్చుకుంటూ చేనికి పోయి, ఆదివారాలు మాత్రం ఒక గంట ఆలస్యంగా మోటరు వేసుకోమని నాయనను బతిమాలాను. ఆయన కాలువకు మట్టి అడ్డం వేస్తూ, పార ఆపకుండానే చెప్పాడు.

"నీ మీసాలోడు సచ్చినా మళ్లా లేస్తాడు పాపా. చెట్టు లేస్తాదా?"

నేను ముక్కు చీదుకుని, వచ్చిన దారినే ఇంటికి నడిచాను.

రెండేళ్లు అలాగే గడిచాయి. అన్న పదో తరగతి పాసై అనంతపురంలో ఇంటర్ చేరాడు. నెలకోసారి వచ్చి, అక్కడ బస్టాండు పక్కన వీడియోగేముల అంగడి ఉందని, మనిషెత్తు మిషన్లు ఉన్నాయని, కరెంటు పోతే జనరేటర్ వేస్తారని కోతలు కోసేవాడు. నిజమా అబద్ధమా చూద్దామని ఒకసారి నాయనతో పోయినప్పుడు వాడి వెంటబడి వెళ్లాను. నిజమే. చీకటి గది, బీడీ వాసన, వరసగా మిషన్లు, వాటి ముందు కాలేజీలకు ఎగనామం పెట్టిన మగపిల్లలు. నన్ను చూసి అందరూ తిరిగారు. అన్నకు తల కొట్టేసినట్టయింది. బిళ్ల వేసి, "ఇదిగో, ఇది నువ్వు" అని తెర మీద ఒక కరాటే మనిషిని చూపించాడు. వాడు వేలు చూపించి తీసేలోపే ఆ నేను చచ్చిపోయి కింద పడి ఉన్నాను. బయట జనరేటర్ మాత్రం బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో నాకు విషయం అర్థమైంది. కరెంటు ఉన్న చోట నాకు ఆట రాదు. ఆట వచ్చిన చోట కరెంటు ఉండదు.

ఇక ఇంట్లో నాకు తోడు మిగిలింది జేజి ఒక్కతే. ఆమె బల్బు కింద పీట వేసుకుని కాపలా కూర్చునేది. బల్బు మినుకుమంటే "ఏమ్మే, వస్తాంది వస్తాంది" అని అరిచేది. అరిచి లాభం ఏముంది? గాల్లో ఆగిపోయేవాడిని గాల్లో ఆగకుండా నేను చేయగలనా?

నా తొమ్మిదో తరగతి ఎండాకాలంలో ఆమే నాకు దారి చెప్పింది. "ఊరికే ఏడ్చేదానికంటే ఆంజనేయసామికి మొక్కుకో" అంది. మొక్కుకు పద్ధతులు ఉన్నాయి. ఏం కావాలో స్పష్టంగా చెప్పాలి. తీరేవరకు ఎవరికీ చెప్పకూడదు. తీరాక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా చెల్లించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి మొక్కాక వాపసు తీసుకోవడం లేదు.

శనివారం తలస్నానం చేసి ఊరి చివరి గుడికి పోయాను. నేను తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం ఉండేది. అందుకే కోరిక బాగా ఆలోచించి అడిగాను. స్వామీ, కరెంటు పోకూడదని అడగను, అది నీ చేతిలో కూడా ఉండదు. ఉన్న కరెంటుకు వోల్టేజి మాత్రం పడిపోకుండా నిలబెట్టు, చాలు. నీకు టెంకాయ కొడతాను.

స్వామి నిలబెట్టాడు.

మొదట నేను నమ్మలేదు. ఆ వారం పగటి త్రీఫేజు. మోటర్లు లేచే వేళకు అలవాటుగా కళ్లు మూసుకున్నాను. స్టెబిలైజరు ఒక్కసారి టక్కుమని ఊరుకుంది. బల్బు కొంచెం మసకబడి తేరుకుంది. తర్వాతి పగటి వారానికి ఆ మసక కూడా లేదు. ముల్లు పచ్చగీత మీద గోడకు కొట్టిన మేకులా నిలబడింది. టీవీలో బొమ్మ తెర నిండా విచ్చుకుంది. మీసాలాయన టోపీ ఎర్రదని మాకు ఆ ఎండాకాలమే తెలిసింది. అంతవరకు కాఫీపొడి రంగు అనుకున్నాం. ఐదో కోట దాటాను, ఆరు దాటాను. జేజి పీట మీద నుంచి లేచి వచ్చి టీవీ ముందరే కూర్చుంది. ఇక కాపలా అక్కర్లేదు కదా.

ఆ రోజుల్లో నాకు కనిపించనివి ఏవీ లేవు. అన్నీ కనిపించాయి. ఫలానావాళ్ల బోరు గాలి తన్నిందని, అంటే నీళ్లకు బదులు గాలి వస్తోందని వీధిలో చెప్పుకుంటుంటే విన్నాను. రెండు రోజులు పోయాక ఇంకొకరిది. కుళాయి దగ్గర బిందెల వరస గుడిదాకా పోతే, ఆ వరసలో మా బిందె పెట్టి, ముందున్నామెకు చెప్పి, ఇంటికి పరుగెత్తి ఒక కోట ఆడి వచ్చేదాన్ని. మా నాయన తెల్లవారకముందే చేనికి పోతున్నాడు. వచ్చి సంగటి ముందు కూర్చుని సగంలో చేయి కడుగుతున్నాడు. మా బోరు కాసేపు పోస్తుంది, కాసేపు ఊరుతుంది, మళ్లీ పోస్తుంది అని అమ్మతో చెబుతున్నాడు. ఇంకో రెండు తడులు అందితే కాయలో గింజ నిండుతుంది, అంతవరకు బోరు ఆగితే చాలు అని రోజూ అదే మాట. అమ్మ నన్ను తిట్టడం మానేసింది. అదొక్కటి చాలు నాకు అనుమానం రావడానికి. రాలేదు. ఇవన్నీ ఒకవైపు, నా వోల్టేజి ఒకవైపు. రెండూ ఒకే తీగ మీద వేలాడుతున్నాయని నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదికి ఆట మొదలుపెట్టాను. పదకొండు దాటేసరికి ఎనిమిదో కోటలో ఉన్నాను. అన్న కూడా ఎప్పుడూ చేరని చోటు అది. చేతిలో మూడు ప్రాణాలు ఉన్నాయి. జేజి నోట్లో వక్క నమలడం ఆపేసింది. అప్పుడే నాయన చేని నుంచి వచ్చాడు. ఆ వేళప్పుడు ఆయన ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. కాళ్లు కడుక్కోకుండానే వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను తల తిప్పకుండానే, ఉప్పొంగిపోతూ చెప్పాను.

"నాయనా, ఓల్టేజి చూడు! ముల్లు కదలనే కదల్లేదు!"

ఆయన తల తిప్పి ఆ ముల్లు వైపు చూశాడు.

"యాడ కదులుతాది పాపా. లాగేటోళ్లు ఉంటే కదా."

"అంటే?"

"ఊర్లో మోటర్లన్నీ పండుకుండాయి. మనదొక్కటే లేస్తాండ్య. అది గూడా పొద్దున గాలి తన్నింది."

నా వేళ్లు ఆగిపోయాయి. తెర మీద మీసాలాయన నడుచుకుంటూ పోయి నిప్పుల గుంతలో పడ్డాడు. జేజి "అయ్యో" అంది. ఆమె అన్నది ఎవరికోసమో నాకు తెలియదు. నేను మొక్కుకున్నది ఏమిటో, స్వామి దాన్ని ఏ దారిన తీర్చాడో అప్పుడు అర్థమైంది. వోల్టేజి పడకుండా నిలబడాలంటే ఉన్నది ఒకటే ఉపాయం. ఆయన అదే చేశాడు.

"ఏంటికి ఆపినావు?" అన్నాడు నాయన. "ఇంగ ఎన్ని పాణాలు ఉండాయి?"

"రెండు."

"ఆడు మరి. నీకన్నా ఉండాయి."

నాకు ఆడాలని లేదు. గేము తీసి కసువుదిబ్బలో పారేయాలనిపించింది. కానీ ఆయన ఎన్నడూ లేనిది నా ఆట చూడటానికి కూర్చున్నాడు. లేచిపోతే ఆయన ఏం చేస్తాడు? మళ్లీ ఆ చేనికి పోయి ఆ బోరు ముందు నిలబడతాడు. అందుకని ఆడాను. ఇంకో ప్రాణం కూడా పోగొట్టుకున్నాను. ఆఖరి దానితో నిప్పులు దాటి, వంతెన మీద మంటలు కక్కే ఆ జంతువు కిందుగా దూరి, అవతలికి పోయి పడ్డాను. వంతెన కూలింది. జంతువు నిప్పుల్లో పడింది. తలుపు అవతల గులాబీ రంగు గౌనులో ఆ పిల్ల నిలబడి ఉంది. నా బొటనవేలంత కూడా లేదు.

జేజి ముందుకు వంగి కళ్లు చికిలించి చూసింది.

"ఇంత మాత్రం పిల్ల కోసమా! మొకం గూడా సరిగ్గా లేదు కదమ్మే."

"అయిపాయనా?" అన్నాడు నాయన.

నేను మీట నొక్కి చూశాను. తెర మారింది. మొదటి కోట, మొదటి గుంత, మొదటి తాబేలు. మీసాలాయన ఏమీ జరగనట్టు మళ్లీ మొదటి చోటే నిలబడి ఉన్నాడు. ఈసారి తాబేళ్లు ఇంకా వేగంగా వస్తున్నాయి.

"లేదు నాయనా. మళ్లా మొదటి నుంచి ఆడల్ల. ఈసారి ఇంగా కష్టం."

మా నాయన నవ్వాడు. ఆ పూట ఆయన నవ్వుతాడని నేను అనుకోలేదు.

"ఈ ఆట కట్టినోడు యాడోడో గాదు, మన పక్క సేద్యగాడే అయ్యుంటాడు" అన్నాడు. లేచి తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "పొద్దు వాలినాక చెట్లు పెరికేద్దాం పా. ఎద్దులకన్నా మేతయితాది."

ఆ సాయంత్రం నలుగురం చేనిలో దిగి చెనిక్కాయ చెట్లు పెరికాం. ఎండిన నేలలోంచి చెట్టు ఊరికే రాదు, మొదలు తెగి పైది చేతిలోకి వస్తుంది. వచ్చిన వాటికి కాయలు చూడటానికి నిండుగానే ఉన్నాయి. చిదిమితే లోపల గింజ చిన్నపిల్ల పాలపన్ను అంత ఉంది. నేను ఒక్కో కాయ చిదిమి చూస్తుంటే నాయన "చూడొద్దులే పాపా" అన్నాడు. నేను చూడటం ఆపలేదు. నేను చేసిన పని నేనే చూడాలి కదా అనుకున్నాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. మొక్కు తీరింది, టెంకాయ కొట్టాలి. కొడితే, మా బోరు ఎండగొట్టినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పినట్టు. కొట్టకపోతే మొక్కు ఎగ్గొట్టినట్టు, దానికి ఇంకేం ఎండగొడతాడో తెలియదు. ఎటు తిరిగినా దారి లేదు. నాలుగో రోజు జేజి తల దువ్వుకుంటూ ఉంటే పోయి అంతా చెప్పేశాను. ఆమె తిడుతుందని, లేకపోతే పిచ్చిదానా అని నవ్వుతుందని అనుకున్నాను. రెండూ చేయలేదు. దువ్వెన ఒళ్లో పెట్టుకుంది.

"నేను గూడా మొక్కినా మే" అంది.

"ఏమని?"

"ఆ పిల్ల దొరకల్ల అని. ఎన్నాళ్లు ఎతుకుతాడు పాపం అని. ఓల్టేజి నిలబెట్టు సామీ అనే మొక్కినా."

డెబ్బై ఏళ్లామె, పదమూడేళ్లదాన్ని, ఇద్దరం ఊరి బోర్లన్నీ ఎండగొట్టిన దొంగల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వానలు లేక బోర్లు ఎండాయని, భూమి అడుగున ఉన్నదంతా ఊరంతా కలిసి తోడేశామని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం ఆ తెలివి మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

శనివారం రెండు టెంకాయలు తీసుకుని గుడికి పోయాం. కొట్టాం. తర్వాత జేజి చేతులు జోడించి, పూజారికే కాదు బయట కట్టేసిన మేకకు కూడా వినబడేటట్టు మొక్కింది.

"సామీ, మాకు ఓల్టేజి వద్దు. ఊర్లో బల్బులన్నీ బీడీల మాదిరి ఎలగల్ల. మా ఇంట్లో టీవీ కనపడకుండా పోవల్ల."

పూజారి హారతి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బయటికి వచ్చాక నేను మెల్లగా అడిగాను.

"వాపసు లేదంటివి కదా జేజీ?"

"ఇది వాపసు కాదు మే. కొత్త మొక్కు."

ఆ కొత్త మొక్కు తీరడానికి స్వామి తొందరపడలేదు. ఆ ఏడు వాన లేదు. ఊర్లో సగం మంది బెంగళూరు పనులకు పోయారు. మా నాయన పోలేదు. రోజూ పొద్దున్నే పోయి బోరు మీద కప్పిన గోనెసంచి తీసి, పైపు పక్కనున్న సందులోంచి చిన్న గులకరాయి జారవిడిచి, చెవి ఆనించి వినేవాడు. వచ్చాక ఆయన కూర్చునే తీరు చూస్తే, రాయి పొడిగానే పడిందని అమ్మకు తెలిసిపోయేది. వోల్టేజి మాత్రం ఏడాదంతా చెక్కుచెదరలేదు. టీవీలో వార్తలు చదివే ఆమె చెవి కమ్మలు కూడా తళతళ మెరుస్తూ కనిపించేవి. ఆ మెరుపు చూస్తే నాకు ఒళ్లు మండేది. గేము పెట్టె అటక మీదికి పోయింది.

ఆ మరుసటి ఏడు దసరా ముందర వానలు పడ్డాయి. మేఘాలు ఈసారి ఏమీ మరిచిపోలేదు. చెరువుకు నీళ్లొచ్చాయి. దసరా సెలవులకు అన్న వచ్చి, అటక మీది పెట్టె దించి, "నువ్వు చివరిదాకా పోయినావంట, నేను నమ్మను, ఆడి చూపించు" అని పోరు పెట్టాడు. నేను వద్దన్నాను. వాడు అబద్ధాలకోరు అన్నాడు. ఆ మాటకు మీట చేతిలోకి తీసుకున్నాను. జేజి తన పీట వేసుకుని కూర్చుంది.

ఏడాదిన్నర తర్వాత కూడా వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. ఒక్క ప్రాణం పోకుండా ఎనిమిదో కోటకు చేరాను. అన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నిప్పులు దాటాను. ఇంకొక్క వంతెన ఉంది. దూకాను.

"ఏమ్మే, బల్బు!" అని అరిచింది జేజి.

బల్బు ఎర్రబడింది. స్టెబిలైజరు టక్ టక్ మంది. మీసాలాయన టోపీకి ఎరుపు పోయి, కాఫీపొడి రంగు వచ్చి, ఆయన వంతెనకు ఇవతల గాల్లో అలాగే ఆగిపోయాడు. గీ మని మోత.

అన్న టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసి కరెంటోళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. జేజి మాత్రం పీట మీద నుంచి లేచి నిలబడింది. "బోర్లు పట్టుకుండాయి" అంది. "ఊర్లో బోర్లు నీళ్లు పట్టుకుండాయి." అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బల్బు కింద నిలబడి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. బల్బు తేరుకోలేదు.

కాసేపటికి నాయన వాకిట్లోకి వచ్చాడు. పొద్దున ఆయన స్టార్టరు పెట్టె తెరిచి బల్లి గుడ్లు దులుపుతూ ఉండటం నేను చూశాను. ఇప్పుడు ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. మోకాళ్లదాకా బురద. ఆ రోజు వాన లేదు, ఎండ కాస్తోంది. ఆయన గడప దగ్గర ఆగి, ముందు బల్బు చూశాడు, తర్వాత టీవీ చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"పాయనా?" అన్నాడు.

"పాయ నాయనా."

"యాడిదాకా పోయింటివి?"

"కడా వంతెన."

"అయ్యో" అన్నాడు. పాపం, బాధగా ముఖం పెట్టడానికి ఆయన నిజంగానే ప్రయత్నించాడు. నవ్వు ఆగలేదు.

నేను భోరున ఏడ్చాను. జేజి అప్పటికే టెంకాయ కోసం వంటింట్లో అలమారలన్నీ తీస్తోంది. గేము పోయిందని ఏడుస్తోంది చూడండి, ఇంత వయసు వచ్చి అని అన్న ఎగతాళి చేశాడు. కాదు, మన బోరుకు నీళ్లొచ్చాయని ఏడుస్తున్నాను అన్నాను. అందులో సగం నిజం. మిగతా సగం ఆ వంతెన.